ఆమేన్ చెప్పి మొదలుపెట్టిన పాఠం

మా మఠంలో ఉండే చిన్న సిస్టర్ ఒకామె వచ్చే జూన్‌లో కాలేజీ ప్రిన్సిపాలుగా వెళ్ళబోతోంది. "ఆ ఉద్యోగంలో అసలు ఏముంటుంది సిస్టర్?" అని మొన్న భోజనాల దగ్గర నన్ను అడిగింది. చేపముక్కలో ముల్లు తీసుకుంటూ, సంతకాలుంటాయి, తలనొప్పి ఉంటుంది, వేసవిలో మామిడిపళ్ళుంటాయి అన్నాను. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వకుండా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. పాపం, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు ఫిలోమినా. బాటనీ మనిషిని. నూజివీడు దగ్గర మా సన్యాసినుల సభవాళ్ళు నడిపే ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, అక్కడే ప్రిన్సిపాలునై, అక్కడే రిటైరయ్యాను. కాలేజీ వెనక గోడ దాటితే మామిడితోటలే. పూత కాలంలో క్లాసులో సగంమంది తుమ్ముతూ ఉండేవాళ్ళు. కోతలు మొదలైతే హాజరు పట్టీ బోసిపోయేది. తోట ఉన్నవాళ్ళ పిల్ల, ఆ తోటలో కాయలు కోసేవాళ్ళ పిల్ల ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి ఉప్పూకారం అద్దుకుని పచ్చికాయ తినేవాళ్ళు. నేను అటుగా వెళ్తే పొట్లం దాచేసేవాళ్ళు. వాసన దాచడం మాత్రం వాళ్ళ వల్ల అయ్యేది కాదు.

ప్రమోషన్ల సంగతి, తనిఖీ కమిటీల సంగతి రాయను. రాసినా ఎవరూ చదవరు. ఒక్క పాఠం గురించి రాస్తాను. ఆ ఒక్క పాఠం వల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయేదే. అంతకంటే పెద్దది కూడా ఒకటి పోయేది, అదేంటో చెప్తాను.

గుమ్మంలో నిలబెట్టకు

ముందు మా పాత ప్రిన్సిపాలు రోజలిన్ సిస్టర్ గురించి చెప్పాలి. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఆవిడ నడిచి వస్తుంటే చెప్పుల చప్పుడుకే వరండా ఖాళీ అయ్యేది. నేను లెక్చరరుగా చేరిన కొత్తలో ఒక తండ్రి మండిపడుతూ వచ్చాడు. పువ్వుల్లో ఆడా మగా ఏంటి, పెళ్ళి కావలసిన పిల్లకు చెప్పే చదువేనా ఇది అని ఆయన బాధ. రోజలిన్ సిస్టర్ ఆయన్ని కాఫీ తాగమని కూర్చోబెట్టి, తర్వాత నేరుగా ల్యాబుకు తీసుకొచ్చి, మామిడిపూత కొమ్మ ఒకటి తెప్పించి, నా ఎదురుగా మైక్రోస్కోపు ముందు కూలేశారు.

ఆయనకు తోట ఉంది. చెట్టు నిండా పూత వస్తుంది, కాయ మాత్రం నిలవదు. ఆ పూతలో చాలావరకు మగపువ్వులే ఉంటాయని, కాయ కాసే పువ్వులు వేరే ఉంటాయని నేను ఒక్కొక్కటీ విప్పి చూపిస్తుంటే ఆయన కోపం ఎటు పోయిందో తెలీదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు, వాళ్ళ తోటలోనూ అదే సమస్యట.

ఆ సాయంత్రం రోజలిన్ సిస్టర్ నాతో అన్న మాట నా ఉద్యోగం మొత్తానికీ సరిపోయింది. "ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెడితే అక్కడ్నించే అరుస్తాడు. లోపల కూర్చోబెడితే వింటాడు. విన్నాక కూడా అరిస్తే, అప్పుడు చూద్దాం." ఇది మీరు చేరబోయే గదిలో గోడకు రాసి పెట్టుకున్నా తప్పులేదు.

మెర్సీ చేసిన ప్రార్థన

మా కాలేజీలో ఒక ఆచారం ఉంది. మొదటి పీరియడు ప్రార్థనతో మొదలవుతుంది. వరుస ప్రకారం రోజుకో అమ్మాయి లేచి, తనకు తోచిన మాటల్లో ప్రార్థన చేస్తుంది. హిందువుల పిల్లలు వాళ్ళకు తెలిసిన పద్ధతిలో దణ్ణం పెట్టుకుంటారు, బలవంతమేమీ లేదు. చివర్లో అందరూ ఆమేన్ అంటారు. ఏళ్ళ తరబడి అలవాటు కాబట్టి ఎవరేం ప్రార్థించారో పూర్తిగా వినకుండానే నోటికి ఆమేన్ వచ్చేస్తుంది. పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఈ ప్రార్థనలు పొడుగవుతాయి. హాల్ టికెట్లిచ్చే రోజుల్లోనైతే లెక్చరర్లు గడియారం చూసుకుంటూ నిలబడాల్సిందే.

నా చివరి ఏళ్ళలో సునీత అనే అమ్మాయి జువాలజీ చెప్పడానికి వచ్చింది. ఉంగుటూరు వైపు పిల్ల. ప్రొటెస్టెంట్ కుటుంబం, ఆదివారాలు వాళ్ళ చర్చిలో పిల్లలకు సండే స్కూలు నడుపుతుంది. మామూలుగా గొంతు పెగలదు, పాఠం మొదలుపెడితే మాత్రం వరండా చివరిదాకా వినబడుతుంది. పోస్టు పర్మనెంటు కాదు. తీసెయ్యాలంటే కాగితం కూడా అక్కర్లేదు, జూన్‌లో మళ్ళీ పిలవకపోతే చాలు.

ఆ రోజు సెకండియర్ వాళ్ళకు జీవపరిణామం యూనిట్ మొదలవ్వాలి. ప్రార్థన వంతు మెర్సీది. మెర్సీ తెలివైన పిల్ల, మేడమంటే ప్రాణం. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, నిజంగా బాధపడుతూ ఇలా అంది: "ప్రభువా, మా సునీత మేడం చాలా మంచివారు. ఈ పాఠం నుంచి ఆవిడను కాపాడు."

క్లాసంతా ఆమేన్ అంది. సునీత కూడా ఆమేన్ అంది. అని, చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీద 'జీవపరిణామం' అని రాసి పాఠం మొదలుపెట్టింది.

ఇందులో ఎవరూ ఎవరినీ వెక్కిరించలేదు. కానీ మధ్యాహ్నానికల్లా ఈ కబురు వాట్సాప్‌లో మెర్సీ వాళ్ళ ఊరు బాపులపాడు చేరింది. సాయంత్రం హనుమాన్ జంక్షన్‌లో స్త్రీల ప్రార్థన కూటం దగ్గరకొచ్చేసరికి, పాఠం తప్పని మేడమే అందరి ముందూ ఒప్పుకుని ఆమేన్ అందట అన్న దాకా పెరిగింది. మర్నాడు ఆ మాట మా కాలేజీ గేటు దగ్గరికి తిరిగొచ్చింది. తప్పని తెలిసి కూడా ఎందుకు చెప్తున్నారు అని.

సునీత నా గదికొచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాఠం ఎంతవరకు వచ్చిందని అడిగాను. మొదటి భాగం అయిందంది. అయితే రేపు రెండో భాగం చెప్పమన్నాను. చెప్పొచ్చా సిస్టర్ అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు, పాఠం చెప్పడానికి ఒక టీచరు అనుమతి అడగాల్సి వచ్చినందుకు.

సైన్సు బ్లాకు ఇచ్చిన మనిషి

మెర్సీ తాతగారి పేరు దానియేలు గారు. బాపులపాడు దగ్గర పెద్ద తోట. వాళ్ళ సంఘంలో పెద్ద మనిషి. మా సైన్సు బ్లాకుకు స్థలం ఇచ్చింది ఆయనే. ప్రతి వేసవికీ తోటలో మొదట దిగిన చిన్నరసాలు చర్చికి కొన్ని, మా మఠానికి కొన్ని పంపించేవారు. అంత మంచి మనిషితో గొడవ పెట్టుకోవడం ఎంత కష్టమో, గొడవ పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

నలుగురైదుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని ఆయన వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. మర్యాదగానే మాట్లాడారు. ఆడపిల్లలు సైన్సు చదువుకోవాలని స్థలమిచ్చాను గానీ, మనిషి కోతిలోంచి వచ్చాడని నా మనవరాలికి నేర్పిస్తారనుకోలేదు సిస్టర్ గారూ అన్నారు. పాఠం సిలబస్‌లో ఉంటే ఉండనివ్వండి, నోట్సు ఇచ్చెయ్యండి, పిల్లలు బట్టీపట్టి రాసుకుంటారు, క్లాసులో చెప్పొద్దు అన్నారు. ఆమేన్ అని కూడా పాఠం చెప్పిన అమ్మాయి దగ్గర మా పిల్లలు చదవడం బాగుండదు, ఆ సంగతి కూడా చూడండి అన్నారు.

నోట్సు ఇచ్చెయ్యడం అనే మాట దగ్గర నేను మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. నేను చూసిన కొన్ని కాలేజీల్లో ఇదే పద్ధతి. లెక్చరరు క్లాసుకొచ్చి, ఇది మార్కుల కోసం చదువుకోండి, నమ్మక్కర్లేదు అని కన్ను గీటి, పేజీ తిప్పేస్తాడు. అందరూ సంతోషం. గొడవ లేదు, ఫిర్యాదు లేదు. అది మాత్రం అబద్ధమే. పిల్లలకు మనం నేర్పేది అప్పుడు జీవపరిణామమూ కాదు, భక్తీ కాదు. పరీక్షలో ఒక మాట, మనసులో ఒక మాట పెట్టుకుని బతకొచ్చని నేర్పుతున్నాం. పెద్దయ్యాక వాళ్ళు అలాగే బతుకుతారు, మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఉద్యోగం కంటే పెద్దది పోయేదని మొదట అన్నాను చూడండి, అది ఇదే.

ఇదంతా ఆయన మొహం మీద అనలేదు. అనాలనిపించింది, నాలిక చివరిదాకా వచ్చింది. రోజలిన్ సిస్టర్ గుర్తొచ్చి ఆగాను. మీరు ఆ పాఠం విన్నారా అని అడిగాను. వినలేదన్నారు. "అయితే వచ్చి వినండి. యూనిట్ పూర్తయ్యేదాకా క్లాసులో కూర్చోండి. మొత్తం విన్నాక మీరేమంటే అది అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాను.

ఆయన నావైపూ, పక్కవాళ్ళవైపూ చూశారు. ఈ వయసులో ఆడపిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంటే ఏం బాగుంటుందండీ అన్నారు. మీ మనవరాలి క్లాసేగా, తాతగారిగా కూర్చోండి అన్నాను. ఆయనకు పౌరుషం వచ్చింది. వస్తానన్నారు.

ఆ రాత్రే మా సభ పెద్ద మదర్ దగ్గర్నించి ఫోను. అప్పటికే ఎవరో చెప్పేశారు. "ఫిలోమినా, మామిడిపళ్ళ కాలం వస్తుంటే ఈ గొడవలెందుకు మనకి?" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, పది కాలేజీలు నడపాల్సిన మనిషి. వేసవిలో నేనొస్తాను, అప్పటికి దానియేలు గారు శాంతించకపోతే ఆ అమ్మాయిని జూన్‌లో పిలవొద్దు అని తేల్చేశారు. సరే మదర్ అన్నాను. నేను సరే అన్న సంగతి సునీతకు మర్నాడే చెప్పాను. దాపరికం చెయ్యకూడదు. ఆ పిల్ల తలూపి, పాఠానికి మామిడాకులు కావాలి సిస్టర్, మఠం పెరట్లోవి కోసుకోవచ్చా అని అడిగింది.

దాయాదులు

దానియేలు గారు చెప్పిన రోజుకు వచ్చారు. కుర్చీ వేస్తే వద్దన్నారు, ఆఖరి బెంచీలో కూర్చున్నారు. పక్కన నేనూ కూర్చున్నాను. నోరు విప్పనని సునీతకు మాటిచ్చాను. నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. ముందు వరుస పిల్లలు పదేపదే వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ చూసి నవ్వుకుంటున్నారు. మెర్సీ మాత్రం బల్ల మీద నుంచి తల ఎత్తలేదు.

మొదటి రోజే ఆయన చెయ్యెత్తారు. స్కూలు పిల్లాడిలా, బుద్ధిగా. మా ఊళ్ళో ఇన్ని కోతులున్నాయి కదమ్మా, ఒక్కటైనా మనిషి కాలేదేంటి అని అడిగారు. పిల్లలంతా సునీతను చూశారు.

"తాతగారూ, మీ పెదనాన్నగారి కొడుకులు మీకు అన్నదమ్ములవుతారా, తాతలవుతారా?" అంది.

ఆయన నవ్వారు. తాతలెందుకవుతారమ్మా, అన్నదమ్ములే, దాయాదులు అన్నారు.

"ఇదీ అంతేనండీ. కోతి మనకు తాత కాదు. ఇద్దరికీ పైన ఎక్కడో ఒక తాత ఉన్నాడు. వాళ్ళ వైపు వాళ్ళొచ్చారు, మన వైపు మనమొచ్చాం. కోతి మనకు దాయాది, అంతే."

దానికి ఆయన అన్న మాట ఇప్పటికీ తల్చుకుని నవ్వుకుంటాను. "దాయాదంటే కొంత నమ్మచ్చమ్మా. మా తోటలో వాటా అడక్కుండానే పట్టుకుపోతున్నాయి."

క్లాసంతా గొల్లుమంది. మెర్సీ తలెత్తింది. సునీత కూడా నవ్వింది, ఆ వారంలో మొదటిసారి.

అక్కడితో ఊరుకుంటే నేను ఫిలోమినా ఎందుకవుతాను? పాఠం తేలిగ్గా పడుతోందని నాకు ఉత్సాహం వచ్చింది. మాటిచ్చిన సంగతి మర్చిపోయి లేచాను. దానియేలు గారూ, చిన్నరసం టెంక పాతితే చిన్నరసమే వస్తుందా అని అడిగాను. రాదండీ, ఏదో ఒకటొస్తుంది, అందుకేగా అంటు కడతాం అన్నారు. ఆ వచ్చినవాటిలో బాగున్నదాన్ని ఏరి పెంచితేనేగా మన రసాలన్నీ వచ్చాయి, మీ పెద్దలు ఏరారు, ప్రకృతి కూడా అలాగే ఏరుతుంది అని దండోరా వేసినట్టు చెప్పాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

ఆయన నిమ్మళంగా, "టెంక వేస్తే పులుపొస్తుంది, పీచొస్తుంది, అన్నీ ఒప్పుకుంటాను. ఎన్ని తరాలైనా మామిడే వచ్చింది గానీ జామ రాలేదుగా సిస్టర్ గారూ" అన్నారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయనకు. బాటనీ ప్రిన్సిపాలుకు జువాలజీ క్లాసులో పరువు పోయింది. చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు చెప్తున్నాను, మీ కింద పనిచేసే మనిషి చక్కగా నెట్టుకొస్తుంటే సాయం చెయ్యబోకండి.

జీడి

మర్నాడు సునీత బల్ల మీద ఆకులు పరిచింది. ఒకటి మామిడి, ఒకటి జీడిమామిడి. పక్కన ఒక నల్లజీడి గింజ, బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడతారే, అది. నిన్న తాతగారన్నది నిజమే అని మొదలుపెట్టింది. ఒక తోటలో, ఒక మనిషి బతికినంత కాలంలో మామిడి మామిడిగానే ఉంటుంది, అంతకంటే ఎక్కువ నేను చూపించలేను అంది. చూడలేనిదాన్ని గుర్తుల్ని బట్టి ఎలా తెలుసుకుంటారో చెప్తానంది. ఆకు చూపింది, పూత ఎలా గుత్తిగా వస్తుందో చూపింది. మామిడి సొన పడితే ఏమవుతుంది అని దానియేలు గారిని అడిగింది.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతి దాకా సొన కాల్చిన మచ్చలు. మరి జీడి పడితే అని అడిగింది. పెళ్ళైన కొత్తలో అత్తగారి ఊళ్ళో, సముద్రం వైపు, పచ్చి జీడిగింజ కొరికి మూతంతా పొక్కిపోయిన సంగతి ఆయనే చెప్పారు. అత్తగారు చూసి ఇదేం అల్లుడ్రా అనుకుందట. నల్లజీడి సంగతి అడక్కుండానే ఆయనే అందుకున్నారు, అదీ అంతే, ఒళ్ళు పుండవుతుంది, మూడింటి మంటా ఒకటే అన్నారు. అనేసి ఆగిపోయారు. గింజనూ ఆకుల్నీ చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నారు. మూడూ ఒకే కుటుంబం చెట్లండీ, దాయాదులు అంది సునీత. నేను మాత్రం నోరు విప్పలేదు, ఈసారి నిజంగానే.

యూనిట్ ఆఖరి రోజున ఆయన మళ్ళీ చెయ్యెత్తారు. ఈసారి గొంతు వేరేగా ఉంది. "అన్నీ విన్నానమ్మా. మరి దేవుడెక్కడున్నాడు ఇందులో?"

సునీత చాక్‌పీసు బల్ల మీద పెట్టింది.

"ఈ పాఠంలో ఆ ప్రశ్న లేదండీ తాతగారూ. నాలో ఉంది. ఆదివారం సండే స్కూల్లో చెప్పేదీ నేనే, సోమవారం ఇక్కడ చెప్పేదీ నేనే. ఒకచోట నిజం, ఒకచోట అబద్ధం చెప్పి ఆయన ముందు మోకరించలేను. నేను అబద్ధమాడితే తప్ప నిలబడలేనంత బలహీనుడు కాదండీ నా దేవుడు."

మరి ఆ రోజు ఆమేన్ ఎందుకన్నావు అని ఆయన అడిగారు.

"మెర్సీ నాకోసం ప్రార్థన చేసిందండీ. నాకోసం ఒకరు దేవుణ్ణి అడుగుతుంటే ఆమేన్ అనకుండా ఎలా ఉంటాను?"

మెర్సీ ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడానికి ముక్కు చీదాను. దానియేలు గారు లేచి, బైబిలు చంకలో పెట్టుకుని, నాకు నమస్కారం చేసి వెళ్ళిపోయారు.

మదర్ వచ్చిన రోజు

ఆ తర్వాత ఆయన దగ్గర్నించి కబురు లేదు. మెర్సీ కాలేజీకి రావడం మానేసింది. కోతలండీ సిస్టర్ అని పిల్లలు చెప్పారు, నేను నమ్మలేదు. సునీత స్టాఫ్ రూములో తన అలమర సర్దుకుంది. సొంత పుస్తకాలు ఇంటికి పట్టుకుపోయింది. చూసి నాకు అన్నం సయించలేదు. దానియేలు గారింటికి వెళ్దామా అనుకుని, మళ్ళీ ఆగిపోయాను. వినమని పిలిచింది నేను. విన్న మనిషి ఆలోచించుకుంటుంటే తలుపు కొట్టడం న్యాయం కాదనిపించింది.

అనుకున్నట్టే మదర్ వచ్చారు. ఎండలో ప్రయాణం చేసి అలసిపోయి ఉన్నారు, మజ్జిగ ఇచ్చాను. సునీతను పిలిపించమన్నారు. ఆ పిల్ల వచ్చి వరండాలో నిలబడింది. ఆ సమయానికే గేటు దగ్గర ఆటో ఆగింది. దానియేలు గారు దిగారు, వెనక మెర్సీ దిగింది, ఇద్దరి మధ్యా గడ్డి పరిచిన గంప, గంప నిండా చిన్నరసాలు. మెర్సీ చేతుల నిండా సొన మరకలు. ఆ పిల్ల నిజంగానే కోతలకే మానేసింది.

మదర్ లేచి నమస్కారం పెట్టి, జరిగినదానికి మాకూ బాధగానే ఉంది, ఆ అమ్మాయి విషయం ఇవాళే తేల్చేస్తున్నాం అన్నారు. ఆయన కంగారుపడ్డారు.

"తేల్చెయ్యడమేంటండీ? నేనింకా సగం ప్రశ్నలు కూడా అడగలేదు. ఆ అమ్మాయిని పంపించేస్తే నాకు జవాబు చెప్పేదెవరు, సిస్టర్ గారా?"

చివరి మాట అన్నప్పుడు నావైపు చూసిన చూపు మదర్ గమనించారు. నేను గోడకున్న క్యాలెండరు చూడసాగాను.

తర్వాత ఆయన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. తనకింకా నమ్మకం కుదరలేదట. కుదురుతుందనీ చెప్పలేనన్నారు. కానీ ఆ క్లాసులో తన దేవుణ్ణి ఎవరూ చిన్నచూపు చూడలేదట. చిన్నచూపు చూస్తారని విని వచ్చారట. నోట్సు ఇచ్చి బట్టీపట్టించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నారు. అడగడానికి భయపడే పిల్ల కంటే, ఎదురడిగే పిల్లే ఇంటికి మంచిదని మెర్సీని చూశాక అనిపించిందన్నారు. ఆ మాటంటూ మనవరాలి తల నిమిరారు.

మదర్ గంపలోంచి ఒక పండు తీసి, నొక్కి చూసి, జూన్‌లో టైము టేబుల్ వేసేటప్పుడు జువాలజీకి ఎవరూ తగ్గకుండా చూసుకో ఫిలోమినా అన్నారు. వరండాలో ఉన్న సునీత చెవిన ఆ మాట పడింది. లోపలికి రావాలో వద్దో తెలీక స్తంభం పట్టుకుని నిలబడింది. మెర్సీయే పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుంది, సునీత తెల్ల చీర మీద సొన మరకలు పడ్డాయి. సొన మరకలు పోవు. ఆ చీర సునీత ఇప్పటికీ కడుతుంది.

ఆ మధ్యాహ్నం మేమందరం వరండాలో కూర్చుని పళ్ళు తిన్నాం. రసం మోచేతుల దాకా కారింది, మదర్‌కి కూడా.

తోటలో

ఆ మరుసటి ఏడు నా ఉద్యోగంలో ఆఖరిది. జీవపరిణామం యూనిట్ మా తోటలో మొదలుపెట్టండి అని దానియేలు గారే కబురు పెట్టారు. టెంక మొలకలు, అంటు మొక్కలు, జీడిమామిడి చెట్టు అన్నీ ఒకచోటే ఉన్నాయి, గదిలో ఆకులు పరిచి చూపించడమెందుకు అన్నారు. నాకు చెప్పారో సునీతకు చెప్పారో గానీ, సునీత అప్పటికే బస్సు మాట్లాడేసింది.

బాపులపాడు తోటలో, పిందెలు పడుతున్న చెట్ల కింద, సెకండియర్ పిల్లలంతా పట్టాల మీద కూర్చున్నారు. కోతులు దూరంగా కొమ్మల మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. దాయాదులొచ్చారు తాతయ్యా అని థర్డియర్‌లో ఉన్న మెర్సీ అరిచింది, ఆ పిల్ల క్లాసు కాకపోయినా వచ్చేసింది. మొదటి పీరియడు కాబట్టి ప్రార్థన చెయ్యాలి. ఎవరి వంతు అని సునీత అడిగేలోపే దానియేలు గారు లేచారు. తలపాగా తీసి భుజాన వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ అమ్మాయి చెప్పబోయే పాఠంలో నిజమున్నంతవరకు మాకు అర్థమయ్యేలా చెయ్యి. నిజం లేనంతవరకు, పిల్లలకు మార్కులైనా వచ్చేలా చెయ్యి. ఏది ఎంతో నీకే తెలుసు. మాకు మాత్రం అడిగే ధైర్యం పోకుండా చూడు."

ఎవరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే అందరం ఆమేన్ అన్నాం, నేను అందరికంటే గట్టిగా.

సునీత కూడా ఆమేన్ అంది. అని, చాక్‌పీసు తీసుకుని, చెట్టుకు ఆనించిన బోర్డు మీద పాఠం పేరు రాసి మొదలుపెట్టింది.